నైరూప్య చిత్రకారులు రూపచిత్రం వేస్తే పోలిక ఎక్కడి నుంచి వస్తుంది?

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. మీ నాన్నగారి షష్టిపూర్తికి ఆయన రూపచిత్రం, అంటే పోర్ట్రెయిట్, వేసి ఇవ్వాలనుకుంటున్నారు. అది ఫొటోలా కాకుండా అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిస్టుల పద్ధతిలో (ఉన్నదున్నట్టు గీయకుండా కుంచె విసురుతో, రంగుతో పలికించే అమెరికా నైరూప్య చిత్రకారులు వాళ్ళు) ఉండాలని మీ కోరిక. వాళ్ళలో ఒకరైన చిత్రకారిణి ఎలేన్ డి కూనింగ్ వేసిన అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ బొమ్మ చూశారు. దగ్గరగా చూస్తే కుంచె దెబ్బలు తప్ప ఏమీ కనబడటం లేదు, నాలుగడుగులు వెనక్కి వేస్తే కెన్నెడీ కూర్చుని ఉన్నాడు. ఇది ఎలా కుదిరింది, అసలు నైరూప్య చిత్రకారులకు రూపచిత్రంతో పనేమిటి, ఇంకా నేర్చుకుంటున్న మీరు దీనికి పూనుకోవచ్చా అని అడిగారు.

పూనుకోవచ్చు. పోలిక ముక్కులో, కళ్ళలో కన్నా ముందు ఒంటి తీరులో ఉంటుంది. మెడ భుజాల మీద ఎలా నిలిచింది, కూర్చుంటే బరువు ఎటు పడింది, చేతులు ఎక్కడ వాలాయి అన్నవి చేతికి చిక్కితే ముఖాన్ని పది దెబ్బల్లో తేల్చేయవచ్చు. అవి చిక్కకపోతే కనుబొమ్మల్లో వెంట్రుక వెంట్రుకా గీసినా మనిషి రాడు. షరతు ఒక్కటే. గీత వచ్చి ఉండాలి. ఈ పద్ధతి గీత రానివాళ్ళకు దగ్గరి దారి అనుకుంటే మాత్రం డబ్బూ రంగులూ దండగ.

నేను విజయవాడలో సినిమా బ్యానర్లు రాసే గురువుగారి దగ్గర 1980ల్లో పనికి చేరినవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక రూపచిత్రాల్లోకి వచ్చాను. కాబట్టి నా జవాబులో పుస్తకం కంటే నిచ్చెన ఎక్కువ ఉంటుంది, సర్దుకోండి.

ఆ నిచ్చెన సంగతే ముందు చెబుతాను. నలభై అడుగుల కటౌట్ రాసేటప్పుడు దాని ముందు నిలబడినవాడికి ఏమీ తెలియదు. బుగ్గ అంటే గులాబీ రంగు పట్టా, దాని పక్కన నీలం పట్టా, అంతే. మా గురువుగారు ముందు ఒళ్ళంతా వేసి, ముఖాన్ని ఆఖరికి వదిలేసేవారు. ముఖం ఇంకా తెల్లగా ఉండగానే రోడ్డు అవతల రిక్షాల వాళ్ళు 'కృష్ణ సినిమా వస్తోందిరా' అనో, 'చిరంజీవిది' అనో చెప్పేసేవారు. ఎలా చెప్పేవారు? నడుం మీద చెయ్యి, పక్కకు జరిగిన మోకాలు, మెడ విరుపు. అప్పుడు నాకది వింతగా ఉండేది. ఎలేన్ గురించి తెలిశాక, ఆ రిక్షాల వాళ్ళు చూసినదాన్నే ఆవిడ న్యూయార్క్‌లో కూర్చుని జీవితమంతా వేసిందని అర్థమైంది.

ఎలేన్ 1918లో బ్రూక్లిన్‌లో పుట్టింది. 1938 ప్రాంతంలో విలెమ్ డి కూనింగ్ అనే చిత్రకారుడి దగ్గర శిష్యరికం మొదలుపెట్టి, 1943లో ఆయన్నే పెళ్ళి చేసుకుంది. విలెమ్ రోటర్‌డామ్‌లో అకడమిక్ చిత్రలేఖనం చదివి వచ్చినవాడు. శిష్యురాలికి నిశ్చల చిత్రాలే (కదలని వస్తువుల బొమ్మలు) ముందు పెట్టి, గీత కుదిరే దాకా మళ్ళీ మళ్ళీ గీయించాడు. ఇప్పుడు మనం చూసి 'ఎంత ఇష్టం వచ్చినట్టు వేసింది' అనుకునే కుంచె వెనక ఆ చాకిరీ ఉంది. తన బొమ్మల మీద ఆవిడ 'ఇ డి కె' అని పొడి అక్షరాలు మాత్రమే రాసేది. ఆ ఇంటి పేరుతో అప్పటికే విలెమ్ అనే మహావృక్షం ఉండగా దాని నీడలో పేరు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?

ఇక నైరూప్య చిత్రకారులకు రూపచిత్రంతో పనేమిటి అన్న ప్రశ్న. ఆ రోజుల్లోనూ ఇదే అడిగారు, కాస్త కటువుగా. క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ అనే పెద్ద విమర్శకుడు, ఈ కాలంలో ముఖం వేయడం కుదరని పని అని విలెమ్‌తో అన్నాడట. నిజమే, వేయకుండా ఉండటమూ కుదరదు అని విలెమ్ జవాబు. ఆయన 1950 నుంచి 1952 దాకా గీసి, గీకి, మళ్ళీ గీసిన 'ఉమన్ 1' ఇప్పుడు న్యూయార్క్ మోమా అనే ఆధునిక కళల మ్యూజియంలో ఉంది. వాళ్ళలోనే మరో పెద్ద పేరైన జాక్సన్ పొలాక్ కూడా 1951 నాటి నలుపు బొమ్మల్లో ముఖాలనూ ఒళ్ళనూ మళ్ళీ రానిచ్చాడు. 'నైరూప్యం అంటే మనిషి ఉండకూడదు' అన్న నియమం ఆ చిత్రకారులు పెట్టుకున్నది కాదు, బయటి నుంచి అంటించినదే ఎక్కువ. అయితే విలెమ్ 'ఉమన్' ఫలానా ఆవిడ కాదు. ఎలేన్ వేసినవాళ్ళు మాత్రం ఫలానా మనుషులే: విమర్శకుడు హెరాల్డ్ రోజెన్‌బర్గ్, నర్తకుడు మెర్స్ కనింగ్‌హామ్, చివరికి ఫుట్‌బాల్ పెలే. తేడా అక్కడుంది. మీకు కావలసింది ఎలేన్ దారి, విలెమ్ దారి కాదు. నాన్నగారు ఫలానా నాన్నగారే కదా.

ఆవిడ ఎక్కువగా మగవాళ్ళనే వేసింది, అదీ కూర్చున్న మగవాళ్ళను. కొందరు కాళ్ళు పెనవేసి, చేతులు కట్టుకుని మూసుకుపోయి కూర్చుంటారు, కొందరు బార్లా పరుచుకుంటారు, కోటూ టై కూడా ఆ తీరుకు తగ్గట్టే ముడతలు పడతాయి అనేది. కూర్చున్న మనుషులు తనకు గైరోస్కోపుల్లా కనిపిస్తారనీ చెప్పింది. మన బొంగరం అనుకోండి. కదలనట్టే ఉంటుంది, లోపల తిరుగుతూ ఉంటుంది.

1962లో కవి ఫ్రాంక్ ఓహారాను నిలబెట్టి నిలువెత్తు బొమ్మ వేసింది. ముందు ముఖం మొత్తం కట్టింది. తర్వాత దాన్ని తుడిచేసింది. ముఖం పోయాకే అది ఇంకా ఎక్కువ ఫ్రాంక్‌లా ఉంది అని ఆవిడే చెప్పింది. ఈ మాట పట్టుకుని కుర్రవాళ్ళు చాలామంది దెబ్బతిన్నారు, నా విద్యార్థి ఒకడితో సహా. ఆ కథ కింద చెబుతాను. ఇక్కడ ఒక్క విషయం గమనించండి: ఆవిడ లేని ముఖాన్ని వదిలేయలేదు, కట్టిన ముఖాన్ని తుడిచింది. కింద పుర్రె నిర్మాణం, తల వాలు, గడ్డం కోణం అన్నీ ఉన్నాయి. గుడ్డ పెట్టి తుడిస్తే పోయేది పై తొడుగే.

కెన్నెడీ బొమ్మకు వద్దాం. మిసోరీ రాష్ట్రం ఇండిపెండెన్స్‌లోని ట్రూమన్ లైబ్రరీ (మాజీ అధ్యక్షుడు ట్రూమన్ పేరిట ఉన్నది) వాళ్ళు కెన్నెడీ రూపచిత్రం ఒకటి కావాలని ఎలేన్‌కు పని అప్పగించారు. 1962 డిసెంబరు 28న ఫ్లోరిడాలోని పామ్ బీచ్‌లో మొదటి సిటింగ్. అధ్యక్షుడు కదా, బొమ్మ కోసం బిగుసుకుని కూర్చునే తీరిక లేదు. కాగితాలు చదువుతాడు, మనుషులతో మాట్లాడతాడు, కుర్చీలో అటూ ఇటూ మసలుతాడు. మామూలు రూపచిత్రకారుడైతే తల పట్టుకునేవాడు. ఎలేన్‌కు అదే కలిసివచ్చింది. వరుసగా స్కెచ్‌లు గీసుకుంటూ పోయింది. ఒక్కో భంగిమ కొన్ని క్షణాలే ఉంటుంది, కానీ మనిషి మళ్ళీ మళ్ళీ అదే భంగిమకు తిరిగి వస్తాడు. పదిసార్లు తిరిగి వచ్చిన భంగిమే అతనిది. దీన్ని మీ నోటుబుక్కులో రాసుకోండి.

ఇంకొకటి. పత్రికల్లో చూసిన కెన్నెడీ బూడిద రంగు మనిషి, శిల్పంలా చెక్కినట్టు ఉండేవాడు. ఎదురుగా చూస్తే బంగారు రంగులో వెలిగిపోతున్నాడని, ఉన్నదానికన్నా పెద్దగా కనిపించాడని ఆవిడ చెప్పుకుంది. ఫ్లోరిడా ఎండ మరి. అందుకే ఆ బొమ్మల్లో ఆ పసుపులు, ఆ పచ్చలు, ఆ నీలాలు. ఎవరి చర్మమూ ఆకుపచ్చగా ఉండదని మనకు తెలుసు. చెట్ల మధ్య, ఎండలో కూర్చున్న మనిషి గడ్డం కింద నిజంగానే పచ్చ ఉంటుంది. ఈసారి మీ పెరట్లో చూడండి.

న్యూయార్క్‌కు తిరిగి వచ్చాక ఆ ఒక్క బొమ్మతో ఆవిడకు తృప్తి కలగలేదు. టీవీలో కెన్నెడీ కనిపిస్తే గీసింది, పత్రికల ఫొటోలు ముందు పెట్టుకుని వేసింది. 1963 పొడవునా ఆవిడ స్టూడియో అంతా అతనే. అడిగింది ఒక్కటి, పుట్టుకొచ్చినవి ఎన్నో. ఆ ఏడాది నవంబరు 22న డాలస్‌లో కెన్నెడీ హత్య జరిగింది. తర్వాత దాదాపు ఏడాది పాటు ఆవిడ రంగు ముట్టలేకపోయింది. ట్రూమన్ లైబ్రరీకి చేరవలసిన బొమ్మ 1965లో చేరింది. మీరు చూసింది బహుశా వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీది. ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు, నాలుగడుగులకు లోపు వెడల్పు. అధ్యక్షుల బొమ్మల వరుసలో అది ఒక్కటే వేరే ఊరి నుంచి వచ్చినట్టుంటుంది. ఆ నిలువు కొలతను తేలిగ్గా తీసుకోకండి. కూర్చున్న మనిషిని అంత సన్నని నిలువు కాన్వాసులో పెట్టడంతో అతను లేవబోతున్నట్టు అనిపిస్తుంది. కంప్యూటర్ తెరపై జానెడు బొమ్మ చూసి 'ముఖం సరిగా లేదు' అనడం, మా కటౌట్‌ను నిచ్చెన మీద నుంచి చూసి తప్పు పట్టినట్టే.

ఇప్పుడు నా సొంత గొడవ ఒకటి. చాలా ఏళ్ళ కిందట కాలం చేసిన హెడ్‌మాస్టరుగారి బొమ్మ వేయమని ఆయన కుటుంబం అడిగింది. ఇచ్చింది ఒక పాస్‌పోర్ట్ ఫొటో. మన దగ్గర ఇది మామూలే, దండ వేయడానికి పటం కావాలి, ఉన్నది రెండంగుళాల ఫొటో. గళ్ళు గీసి పెద్దది చేశాను. కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు. తీసుకెళ్ళి గోడకు ఆనించాను. ఆయన భార్య చాలాసేపు చూశారు. 'బాగుంది బాబూ. కానీ మా ఆయన ఎప్పుడూ ఇంత తిన్నగా కూర్చోలేదు' అన్నారు.

డబ్బు ఇచ్చారు, నాకే తీసుకోబుద్ధి కాలేదు. ఇంకేదైనా ఫొటో ఉందా అని అడిగితే పాఠశాల వార్షికోత్సవం గ్రూపు ఫొటో తెచ్చారు. అందులో ఆయన చివరి వరుసలో, ముఖం మినపగింజంత. కళ్ళూ ముక్కూ ఏమీ తెలియవు. కానీ ఎడమ భుజం రెండంగుళాలు కిందికి జారి ఉంది, తల దానికి ఎదురుగా కుడివైపు వాలింది. ముప్పై ఏళ్ళు ఎడమచేతి సంచీలో పరీక్ష పేపర్లు మోసిన మనిషట. ఇంటికి వెళ్ళి ముఖం ముట్టుకోకుండా భుజాలు గీకేసి మళ్ళీ వేశాను. కాలరు ఒకవైపు లేచింది, మెడ మీద ఒక మడత కొత్తగా వచ్చింది. రెండోసారి చూపించినప్పుడు ఆవిడ ఏమీ అనలేదు, లోపలికి వెళ్ళి మనవణ్ణి పిలిచారు. ఆ పిల్లవాడు రాగానే 'తాతయ్య సంచీ ఏది?' అన్నాడు. బొమ్మలో సంచీ లేదు, నేను భుజాల దాకానే వేశాను.

ఇక విద్యార్థి కథ. మంచి చెయ్యి ఉన్న కుర్రవాడు, ఓహారా బొమ్మ గురించి నేను చెప్పిందే విని, వాళ్ళ వీధిలో దర్జీని వేశాడు. ముఖం ముందే వదిలేసి, ఒంటిని గబగబా నింపి, పైన రంగు పులిమి తుడిచాడు. చూస్తే పొలంలో దిష్టిబొమ్మ. దర్జీ పోలికలు లేవు సరే, మనిషి పోలికే లేదు. మళ్ళీ దర్జీ దుకాణం ముందు మూడు రోజులు కూర్చోబెట్టాను, ఒక్కో స్కెచ్‌కు రెండు నిమిషాలు చొప్పున. కుట్టుమిషన్ మీద వంగినప్పుడు ఆయన మోచేతులు శరీరానికి అంటుకునే ఉంటాయి, గడ్డం దాదాపు ఛాతీకి తగులుతుంది, సూదిలో దారం ఎక్కించేటప్పుడు మాత్రం తల ఒక్కసారి వెనక్కి వెళుతుంది. ఆ వెనక్కి వెళ్ళిన క్షణాన్ని వేశాడు. ముఖంలో ఉన్నవి నాలుగు దెబ్బలు. దర్జీగారు దాన్ని దుకాణంలో పెట్టుకున్నారు, ఇప్పటికీ ఉంది, బొగ్గుల ఇస్త్రీ పెట్టె పొగతో కాస్త నల్లబడింది.

మీరు మొదలుపెట్టే ముందు కొన్ని పని మాటలు.

మొదటి వారం రంగు ముట్టకండి. చవక కాగితం, బొగ్గు చాలు. రెండేసి నిమిషాల స్కెచ్‌లు, రోజుకు పది. కళ్ళు సగం మూసి చూడండి, వివరాలు పోయి ముద్దలు మిగులుతాయి. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు ఉంటుంది కదా, అలాంటి దారం ఒకటి పట్టుకుని ముక్కు కొన నుంచి కిందికి ఏది ఎక్కడ వస్తోందో చూసుకోండి. ఒరుగు అక్కడే బయటపడుతుంది.

తుడవాలనుకుంటే తైలవర్ణాలే. మన ఎండలకు అక్రిలిక్ నిమిషాల్లో ఆరిపోతుంది, గుడ్డ పెట్టి రుద్దితే పోదు, కింది పొర చిరుగుతుంది. తైలవర్ణం అయితే రేపు కూడా తుడవవచ్చు. టర్పెంటైన్ వాడితే కిటికీ తెరిచి ఉంచండి. రంగు పలచగా మొదలుపెట్టి, చిక్కన పైకి రండి. దీన్ని తలకిందులు చేస్తే ఏడాదికే పగుళ్ళు.

కుంచె పెద్దది తీసుకోండి. గోడలకు వాడే రెండంగుళాల బల్లకుంచె అయినా ఫరవాలేదు. చిన్న కుంచె చేతిలో ఉంటే చెయ్యి దానంతట అదే కనురెప్పల దగ్గరికి పోతుంది. కాన్వాసు కనీసం మూడడుగుల ఎత్తు ఉండాలి. ఈ పద్ధతిలో గీత భుజం నుంచి వస్తుంది, మణికట్టు నుంచి కాదు, భుజం తిరగడానికి చోటు కావాలి.

ఒక్క కాన్వాసుతో తేల్చేద్దామనుకోకండి. షష్టిపూర్తికి మూడు నెలలు ఉందన్నారు, నాలుగైదు వేయండి. మూడోది బాగా వస్తుందని నా అనుభవం. మొదటిది భయంతో పాడవుతుంది, రెండోది తెలివితేటలతో.

ఒక హెచ్చరిక కూడా. మీ నాన్నగారికి ఈ బొమ్మ నచ్చకపోవచ్చు. ఇంట్లో పెద్దలకు రూపచిత్రం అంటే కాలెండరు నునుపే. డబ్బు తీసుకుని వేసేటప్పుడైతే నేను ముందుగా రెండు నమూనాలు చూపించి ఒప్పుకుంటేనే ఈ పద్ధతిలో వేస్తాను. కాదంటే నునుపుగానే వేస్తాను, దానికి సిగ్గుపడను. కానుక కాబట్టి మీకా బాధ లేదు. అయినా నచ్చుతుందో లేదో ముందే తెలుసుకోవాలంటే స్కెచ్‌లు అమ్మగారికి చూపించండి. ఆవిడ ఏ స్కెచ్ దగ్గర నవ్వితే అది కాన్వాసు మీదికి తీసుకోండి. నేను ఇంతవరకు ఇంతకన్నా మంచి జ్యూరీని చూడలేదు.

ఆయన్ను ఎక్కడ గీయాలి అంటారా? కెన్నెడీ కాగితాలు చదువుకుంటూ దొరికాడు. మీ నాన్నగారు పొద్దున పేపరు చదివేటప్పుడు దొరుకుతారు. వరండాలో ఆయనకు అలవాటైన కుర్చీ ఉంటుంది, దానికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా కూర్చోండి. బొమ్మ వేస్తున్నానని మాత్రం చెప్పకండి. చెబితే మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని పాస్‌పోర్ట్ ఫొటోకు కూర్చున్నట్టు కూర్చుంటారు.